డ్రమ్ము ఆగిన చోట

సూర్యాపేటలో రాక్, మెటల్ బ్యాండ్ల కచేరీ పెడతామంటే ఫంక్షన్ హాలు యజమాని నన్ను ఎగాదిగా చూశాడు. "బ్యాండంటే బరాత్‌కు వచ్చేటోళ్లేనా?" అన్నాడు. అవునన్నాను. ఆయనకు మెటల్ గురించి పాఠం చెప్పే ఓపిక నాకు లేదు.

వేదిక మీద ఎవరి పెళ్లివో బంతిపూల దండలు ఇంకా వేలాడుతున్నాయి. వాటి కింద నల్ల చొక్కాల్లో మేం ముగ్గురం. వెనక డ్రమ్ముల దగ్గర స్టూలు ఖాళీ.

మా డ్రమ్మరును మునగాల దగ్గర లారీ గుద్దింది, దవాఖానలో పోయాడు. వాడి స్థానంలో ఇంకొకణ్ణి తెద్దామంటే నేనే ఒప్పుకోలేదు. కోపం, ఎవరి మీదో తెలియని కోపం. వాడు ఉన్నప్పుడు రికార్డు చేసిన డ్రమ్ములు నా ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి, వాటి మీదే వాయిద్దామన్నాను.

వాళ్ల నాయన ఊళ్లో డప్పు కొడతాడు. ఎవరు పోయినా పాడె ముందు నడిచేది ఆయనే. కొడుకును మాత్రం, పోస్టుమార్టం ఆలస్యమైందని, దవాఖాన నుంచి వ్యానులో నేరుగా బొందలగడ్డకు తీసుకెళ్లారు. డప్పు లేదు, దింపుడు కళ్లం లేదు. మామూలుగా అయితే సగం దారిలో పాడె దించుతారు, డప్పు ఆపుతారు, అయినవాళ్లు చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. లేస్తాడేమోనని ఆశ. "ఊల్లె అందర్నీ పిలిపిచ్చిన. నా కొడుకును పిల్వనియ్యలే బిడ్డా," అని కనబడ్డప్పుడల్లా అనేవాడు.

ఆ సాయంత్రం ఆయన్ని ముందు వరుసలో కూర్చోబెట్టాను. కోదాడ బ్యాండు హాలు అదిరిపోయేలా వాయిస్తున్నా, ఆయన చూపు ఖాళీ స్టూలు మీదే ఉంది.

చివరి పాట మాది. అందులో డ్రమ్ము మెల్లగా నడిచి నడిచి ఒకచోట టక్కున ఆగుతుంది. ఎందుకురా అని మా డ్రమ్మరును అడిగితే, "ఉండనియ్యి, గాడ ఎవ్వలూ వాయించొద్దు," అని నవ్వేవాడు. అదేదో స్టైల్ అనుకున్నాం.

ఎప్పుడూ గిటార్ల హోరులో ఆ నడక సరిగా వినబడేది కాదు. ఆ రోజు వాడి కోసమని గిటార్లు బాగా తగ్గించాం. తలలూపుతున్న పిల్లలు ఒక్కొక్కరే ఆగిపోయారు. అది చావు దెబ్బ, పాడె ముందు కొట్టే డప్పు నడక. మా దగ్గర పుట్టిన ఎవరికైనా తెలుస్తుంది, నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

"పెండ్లిళ్ల హాల్ల గా దెబ్బేందిరా, బంద్ జెయ్యుండ్రి!" అని యజమాని ఉరికొచ్చాడు. అంతలో డ్రమ్ము ఆగింది.

ముసలాయన లేచి వచ్చి పెద్ద స్పీకరు మీదికి వంగి, కొడుకును పేరు పెట్టి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. యజమాని కూడా ఉన్నచోటే నిలబడిపోయాడు.

మూడోసారి పిలవగానే డ్రమ్ము మోగింది.

రికార్డులో ఉన్నదే మోగిందని నాకు తెలుసు. తెలిసినా నా బాస్ గిటారు వాయించకుండా ఆయన్నే చూశాను. ఆయన నా వైపు తిరిగాడు.

"ఇన్నవా బిడ్డా? పలికిండు."