ఇన్‌స్పెక్టర్ సారు ఎంపిక చేసిన మందపాటి తీగలు

క్లబ్బు సభ్యుడు మరణించినప్పుడు పాటించవలసిన క్రమం మా నియమావళిలో స్పష్టంగానే ఉంది. మొదట నోటీసు బోర్డు మీద తెల్లకాగితం అంటించాలి. పిమ్మట నిలబడి మౌనం పాటించాలి. ఆ పిమ్మట, మృతుడి వల్ల అందరికన్నా ఎక్కువ మేలు పొందిన వ్యక్తి స్మృతివ్యాసం రాయాలి. నాచారం కర్మాగారంలో తనిఖీ అధికారిగానూ, సాయంత్రాలు మా క్లబ్బు ఆర్కెస్ట్రాకు పెద్దగానూ వ్యవహరించిన ఇన్‌స్పెక్టర్ సారు మొన్న మంగళవారం పొద్దున ఉప్పల్‌లో తమ ఇంటి అరుగు మీద పేపరు చదువుతూ కన్నుమూశారు. కాగితం అంటించారు, మౌనం పాటించారు. ఎక్కువ మేలు పొందినవాడెవడన్న విషయాన్ని సమావేశం నా ఎడమచేతి వేళ్ళను చూసి ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆయన కంటికి లోకంలో ఏ వస్తువూ సరైన కొలతలో ఉండేది కాదు. ఇరానీ హోటల్లో బిస్కెట్టును వెలుతురుకు ఎత్తి అంచు చూసేవారు. విందులో అప్పడం గుండ్రంగా లేదని వడ్డించేవాడికి వాపసు ఇవ్వడం నేను స్వయంగా చూశాను. తప్పు పట్టడంలో ఆయనకు పక్షపాతం లేదు. సొంత కూతురి పెళ్ళిపందిరి గుంజకు దారం వేలాడదీసి, వంకరగా ఉందని పీకించి మళ్ళీ పాతించారు. ముహూర్తం దాటిపోయింది. పందిరి మాత్రం నిటారుగా నిలిచింది.

ఆ రోజుల్లో నేను ఆరేళ్ళుగా తాత్కాలిక కార్మికుణ్ణి. పర్మనెంటు కావాలంటే ట్రేడ్ టెస్టు నెగ్గాలి. పక్కపక్కన బిగించిన ఉక్కు పలకలను ఆకురాయితో సాపుచేసి, మిగిలిన ఎత్తుపల్లాలను కళ్ళు మూసుకుని వేలికొనలతో చెప్పాలి. కుడిచేతిలో ఆకురాయి ఉంటుంది కనుక తడిమి చూసేది ఎడమచేతితోనే. ఆ పరీక్ష పెట్టేవారు ఇన్‌స్పెక్టర్ సారు. అందువల్ల ఆయన నన్ను ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు పట్టుకోమన్నప్పుడు నాకు సంగీతం మీద హఠాత్తుగా భక్తి కుదిరింది.

చిక్కల్లా హార్మోనియంతో వచ్చింది. అది క్లబ్బు కార్యదర్శిగారి సొంతం. దాని శ్రుతి గిటారు కంటే ఒకటిన్నర మెట్టు కిందికి ఉండేది. కార్యదర్శిగారి హార్మోనియాన్ని సవరించే అధికారం ఎవరికీ లేదు కాబట్టి మిగిలిన వాద్యాలన్నీ దిగివచ్చాయి. దించేసరికి నా గిటారు తీగలు సడలి, మెడ మీది లోహపు మెట్లకు తగిలి గరగరమన్నాయి. ఇంకాస్త బిగువుగా నిలిచే తీగలు కావాలని ఇన్‌స్పెక్టర్ సారు తేల్చారు. ఇంతవరకు ఆయన నిర్ణయంలో దోషం లేదు. సంగీతం తెలిసినవారు కూడా అదే చెప్పేవారు.

సారు నన్ను వెంటబెట్టుకుని సికింద్రాబాదు వెళ్ళారు. అక్కడ దుకాణదారు మూడు రకాల తీగలు బల్ల మీద పెట్టాడు.

“ఒకటిన్నర మెట్టు దించుతున్నరంటే ఈ నడిమి రకం సరిపోతది సార్. జర మందం, జర బిగువు. మస్తు పలుకుతది.”

“గా చివరిదేంది?” అన్నారు సారు.

“గది అన్నిటికన్న మందం సార్. గిటారు మెడ గుంజుతది. వాయించెటోని వేళ్ళు మొద్దుబారుతయి.”

“తీగలమ్మెటోనివా, దవాఖానా డాక్టరువా? గదే కట్టు.”

దుకాణదారు నా వైపు చూశాడు. “అన్నా, వాయించేది నువ్వే గదా, నువ్వు జెప్పు.”

నాకు పరీక్ష గుర్తొచ్చింది. “సారు చెప్పిందే సరి,” అన్నాను. నా జీవితంలో నేను చేసిన ఏకైక సాంకేతిక సిఫారసు అది.

నెల రోజులు సాధన జరిగింది. మెడ వంగిందేమోనని ఆయన ప్రతి సోమవారం ఉక్కు స్కేలు ఆనించి చూసేవారు. అది వంగలేదు. నా వేళ్ళు ఆ స్కేలు పరిధిలోకి రాలేదు. మొదట బొబ్బలు లేచాయి, తర్వాత చితికాయి, ఆ పైన చర్మం కొమ్ములా గట్టిపడింది. ఆయనకు దయ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కొబ్బరినూనె స్వయంగా తెచ్చి నా వేళ్ళకు రాసి, అదే చేత్తో గిటారు అందించేవారు. “తీగ సడలితే మనిషి సడలుతడు,” అనేవారు.

ఇంటిదానికి ఈ శాస్త్రం బోధపడలేదు. నాకు అన్నం వడ్డిస్తూ, “నౌకరి గూడ గా గిటారునే అడుగుండ్రి,” అంది.

వార్షికోత్సవం వచ్చింది. వేదికకు రెండు పక్కలా బూర లౌడ్‌స్పీకర్లు కట్టారు. వాటికి కింది స్వరాలు పలికే గుణం లేదని అప్పుడే తెలిసింది. రెండు గంటలసేపు నేను వాయించినది ఒక్క ముక్క కూడా ఎవరికీ వినిపించలేదు. కర్మాగారం మేనేజరుగారు అభినందిస్తూ, ఆ చివర నిలబడిన మనిషి ఏం కాపలా కాస్తున్నాడని అడిగారట.

మూడో రోజు ట్రేడ్ టెస్టు. కళ్ళు మూసుకుని పలకను తడిమాను.

“ఎన్నున్నయ్?”

“ఏం లెవ్వు సార్. సాపుగ ఉన్నది.”

“మూడున్నయ్. వేళ్ళకేమైంది?”

“గిటారు సార్.”

“ఏ గిటారు?” అన్నారు ఇన్‌స్పెక్టర్ సారు. ముఖంలో ఒక్క గీత కదలలేదు. “పరీక్షల గిటారు ముచ్చట ఉండది.” కాగితం మీద ‘స్పర్శజ్ఞానం లేదు’ అని రాసి, కింద గీత గీశారు. గీత స్కేలు పెట్టే గీశారు.

సాయంత్రం యథాప్రకారం సాధనకు వెళ్ళాను. మరుసటేడు కూడా పరీక్ష పెట్టేది ఆయనే కదా. మరుసటేడూ తప్పాను, ఆ పైయేడూ తప్పాను, తీగలు మారలేదు. ఆయన పదవీ విరమణ చేశాక వచ్చిన అధికారి వేళ్ళను నమ్మక పరికరాన్ని నమ్మేవారు కనుక నేను పర్మనెంటయ్యాను. ఆ వార్త విని ఆయన సైకిలు మీద నాచారం దాకా వచ్చి, “జూసినవా, నేను గట్టిగ తయారుజేసిన మనిషివి,” అని నా భుజం తట్టారు. ఆ కళ్ళలో నిజమైన తడి ఉంది. నేను కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

మంగళవారం ఉప్పల్ వెళ్ళి ఆయన పాదాలు రెండు చేతులతో తాకాను. చల్లబడ్డాయో లేదో ఎడమచేతికి తెలియలేదు. కుడిచేత్తో మరోసారి తాకి నిర్ధారించుకున్నాను.

కావున, స్మృతివ్యాసకర్తగా నాకు దఖలుపడిన అధికారంతో ప్రకటించడమేమనగా: ఈ క్లబ్బులో ఇకమీదట బేస్ గిటారు వాయించడానికి చేతివేళ్ళు కలిగిన వ్యక్తులు అనర్హులు. ఇదే తుది నిర్ణయం; దీనిపై అప్పీలు లేదు.