వాకిలి ఆరేదాకా

పట్నంలో బి.ఏ. చదివి సూర్యాపేట బడిలో పంతులుగా చేరిన కొత్తలో, రోజూ పొద్దున్నే ఉరుకుతూ అమ్మ అప్పుడే అలికిన వాకిలిని తొక్కేవాణ్ణి. నా అడుగులు చెరపడానికి ఆమె మళ్లీ వంగి అలికేది. ఆమె మోకాళ్లకు బి.ఏ. మీద పెద్దగా గౌరవం లేదు.

"ఏంరా, బడి యాడికన్న ఉరికిపోతదా? జర ఆరనియ్యి" అంది ఒకరోజు.

అప్పటినుంచి తొందరగా లేచి, తయారై, అరుగు మీద చాయ్ తాగుతూ వాకిలి ఆరేదాకా కూర్చునేవాణ్ణి. చూడ్డానికి అదంత గొప్ప దృశ్యమేమీ కాదు. అయినా అలవాటైంది.

ఒక మబ్బు రోజు వాకిలి ఎంతకీ ఆరలేదు. ఆలస్యమైతే ఊరుకోనని ముందే హెచ్చరించిన హెడ్మాస్టరుకు ఏం చెప్పాలా అనుకుంటూ బడికి వెళ్లాను. ఆయన నా వెనకే గేటు దాటి వస్తూ, నేనేమీ అడగకముందే అన్నాడు:

"మబ్బు పట్టింది గదయ్యా. మా వాకిలి ఆరలే."