మాస్టారి మిషన్ ఆపిన రోజు

మా ల్యాబ్ మాస్టారు పోయారు. గురువారం పొద్దున విశాఖపట్నం ఆసుపత్రి నుంచి ఆయన భార్య, మా మేడం, ఫోన్ చేసి "మీ సార్ లేరు బాబూ" అన్నారు. కనుమ దారి ఘాట్‌లో కొండచరియలు విరిగిపడి రైళ్లు ఆగిన వారం అది. మా ల్యాబ్ ఉన్న కిరందుల్ నుంచి బస్సులు మారి నేను చేరేసరికి అంతా అయిపోయింది.

మీలో ఆయనను ఎరిగినవారు తక్కువే. ఆయనది శ్రీకాకుళం నుంచి రైలు పనికి వచ్చిన కుటుంబం. మాది తర్లగూడ. ఆయన దగ్గర కంప్యూటర్ నేర్చుకోవడానికి వచ్చి, ఆయనకే సహాయకుడిగా ఉండిపోయాను. నేను "ఏంది సార్" అంటే చాలు, "ఏందేటి నాయినా, ముందు కూకో" అని ఏడిపించేవారు. సర్వర్ ఆపాల్సి వస్తే ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి, హల్బీ పిల్లలను హల్బీలో, గోండీ పిల్లలను గోండీలో, సేవ్ చేసుకున్నారా అని అడిగేవారు. నాకు అంత ఓపిక ఎప్పుడూ లేదు.

మాకున్నది ఒక్కటే పాత సర్వర్. అందులో ఒక కంటైనర్, అంటే తలుపులు మూసిన గదిలాంటిది. ఆ గదిలో పిల్లలకూ మాస్టారికీ తలా ఒక వర్చువల్ మిషన్, అంటే ఆ సర్వర్ లోపలే నడిచే సొంత కంప్యూటర్ లాంటిది. వాటన్నిటినీ మొదలుపెట్టే స్క్రిప్ట్ నేను రాసిందే. పిల్లలు మిషన్ మూసినప్పుడల్లా దాని కింద నడిచే పనులు, అంటే ప్రాసెస్‌లు, చచ్చిపోతాయి. వాటిని పుట్టించిన ప్రోగ్రామ్ ఆ చావును గుర్తించాలి. లేకపోతే జాబితాలో వాటి పేర్లు అలాగే ఉండిపోతాయి. వాటినే జాంబీలంటారు. వాటితో జాబితా నిండితే కొత్తగా ఏ మిషనూ తెరుచుకోదు. నా స్క్రిప్ట్ దేన్నీ గుర్తించేది కాదు. నేను తెలివితక్కువగా ఆ జాంబీలనే మళ్లీ మళ్లీ చంపుతూ కూర్చున్నాను.

మాస్టారు వెనక నిలబడి నవ్వారు. "సచ్చినోడ్ని మళ్లీ ఏటి సంపుతావురా? ఆడ్ని కన్నోడ్ని సూడు. పోయినోళ్లని గుర్తించే ప్రోగ్రామొకటి అన్నిటికన్నా ముందు పెట్టు."

"పెడ్తా సార్," అన్నాను. పెట్టాలంటే కంటైనర్ ఆపాలి. రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేశాను. ఈలోపు ఆయన మంచం పట్టారు.

ఆసుపత్రి నుంచి ఒకసారి ఫోన్ చేశారు. "నా మిషన్లో దోర్లీ బాసలో రాస్తన్న పాఠం తెరిసే ఉందిరా. సేవ్ సెయ్యలేదు. ఒచ్చి సేస్తాను." అందరికీ చెప్పే మనిషి తనది మరిచిపోయారు. ఆ తెరకు తాళం ఉంది. పాస్‌వర్డ్ అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే ఇక మీరు రారని నేనే అన్నట్టవుతుందని భయపడ్డాను. "అట్లనే సార్, మీరొచ్చినంక చూద్దాం" అన్నాను. ఆ పిరికితనానికి నన్ను నేను క్షమించుకోలేను.

ఆయన పోయాక జాంబీలతో జాబితా నిండిపోయింది. కంటైనర్‌కున్న పరిమితి పెంచాను. మళ్లీ నిండి, ఈసారి సర్వర్ హద్దునే తాకింది. మిషన్‌ను ఉన్నదున్నట్టు దాచిపెట్టే ఏర్పాటు నా స్క్రిప్ట్‌లో లేదు. పాస్‌వర్డ్ లేకుండా తాళం తీయాలన్నా మిషన్ ఆపాల్సిందే, ఆపితే పాఠం పోతుంది. ఎటు చూసినా గోడే.

సోమవారం ప్రాక్టికల్ పరీక్ష. మరైగూడ నుంచి వచ్చే అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది. మాస్టారు దోర్లీ మాటలు అడిగి రాసుకున్నది ఈమె దగ్గరే.

"సార్, నా మిషన్ తెరుచుకుంటలేదు. నేనేమన్న తప్పు చేసిన్నా?"

"నీ తప్పేం లేదమ్మా. అదంత నాదే."

మాస్టారు పెట్టమన్న ప్రోగ్రామ్‌ను స్క్రిప్ట్‌లో అన్నిటికన్నా ముందు పెట్టాను. కంటైనర్‌ను ఆగమన్నాను. ఆగడానికి అది పది సెకన్ల గడువు తీసుకుంటుంది. మాస్టారి మిషన్ తెర మీద ఆయన పేరు, కింద పాస్‌వర్డ్ అడిగే ఖాళీ గడి, అందులో ఆరుతూ వెలుగుతూ సన్నటి గీత. "నాకు తెలవదు సార్," అన్నాను పైకే. తెర నల్లబడింది.

కంటైనర్ మళ్లీ లేచింది. నేనింకా ఆ నల్లటి తెరనే చూస్తున్నాను. వెనక నుంచి ఆ అమ్మాయి అంది, "సార్, నాది తెరుచుకున్నది."