పలకని ఏడు మీటలు

ఇల్లు మారేవాళ్ళ సామాను సర్ది, లారీకెక్కించి, కొత్త ఇంట్లో దింపడం మేస్త్రి పని. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. అతను సర్దిన లారీ ఎంత గతుకులో పడినా చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు కూడా వచ్చేది కాదు. చప్పుడొచ్చిందంటే ఎక్కడో ఏదో తగులుతోందనీ, తగిలిందంటే గీత పడినట్టేననీ తన కింద పనిచేసే ముగ్గురికీ రోజూ పాఠం చెప్పేవాడు. వాళ్ళకది కంఠతా వచ్చేసింది. అతను మొదలుపెట్టగానే ముగ్గురూ పక్కకి తిరిగి పెదాలు కదిపేవారు.

ఆ నిశ్శబ్దం వెనక ఉన్న రహస్యం నలభై గుడ్డలు. పాత దుప్పట్లు, వెలిసిపోయిన కర్టెన్లు, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన బనియన్లు. వాటిని కావలసిన కొలతకి కత్తిరించి అంచులు కుట్టి పెట్టేది అతని భార్య. ఆవిడ ఇంట్లోనే మిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతుంది. గాజు సామాను మధ్య, బీరువా సొరుగుల్లో, గడియారం కడుపులో, చప్పుడు చేయగలిగే ప్రతిదాని నోట్లోనూ మేస్త్రి ఒక గుడ్డ కుక్కేవాడు. సామాను దించాక గుడ్డలు లెక్కపెట్టి, నలభై తేలాకే ఆ ఇంటి గడప దాటేవాడు. గుడ్డ మిగిలిపోయిందంటే పని మిగిలిపోయినట్టే అని అతని నమ్మకం.

అలాంటి మేస్త్రి చేతిలో ఒకరోజు పియానో పడింది. దాని యజమాని ఉద్యోగం నుంచి రిటైరైన టీచరమ్మ. చెల్లెలికి తోడుగా ఉండడానికి ఆవిడ ఇంటికి మారిపోతోంది. ఆ వేళ బడికి సెలవు కావడంతో మేస్త్రి కూతురు కూడా లారీలో వచ్చింది. ఐదేళ్ళది. ఇంట్లో అందరూ పిట్ట అనేవారు. మనిషి అంతే ఉండేది, కాళ్ళు చేతులూ పుల్లల్లా. సామాను కట్టడానికి ముందు టీచరమ్మ కడసారిగా పియానో ముందు కూర్చుని ఒక పాట వాయించింది. పిట్ట నోరు తెరుచుకుని నిలబడిపోయింది. "ఇంకోసారి" అంది. ఆవిడ ఇంకోసారి వాయించింది. మూడోసారి కూడా అడిగితే మేస్త్రి కళ్ళెర్రజేశాడు గానీ టీచరమ్మ నవ్వి మూడోసారీ వాయించింది.

తర్వాత మేస్త్రి పియానో పైమూత ఎత్తి చూశాడు. లోపల వరసగా చిన్న చిన్న సుత్తులు, వాటి వెనక తీగలు. చప్పుడు చేయడానికే పుట్టిన వస్తువు. అతనికి ఒళ్ళు మండింది. పదకొండు గుడ్డలు తీసుకుని సుత్తులకీ తీగలకీ మధ్య దగ్గర దగ్గరగా కూరాడు.

కొత్త ఇల్లు నాలుగో అంతస్తు. లిఫ్టులో పట్టలేదు. మెట్ల మీద మూడో మలుపు దాకా నలుగురూ ఊపిరి బిగబట్టి ఎక్కించారు. అక్కడ పియానో అటూ తిరగలేదు, ఇటూ తిరగలేదు. నిలువుగా ఎత్తి చూశారు, అడ్డంగా వంచి చూశారు. ఒకసారి జారి గోడకి ధన్‌మని కొట్టుకుంది. గోడ సున్నం పెచ్చు ఊడింది. పద్దెనిమిదేళ్ళలో మేస్త్రి చేతుల్లో పుట్టిన మొదటి చప్పుడు అదే.

టీచరమ్మ మెట్ల మీదే కూర్చుంది. తర్వాత పిట్ట వైపు చూసింది.

"మేస్త్రీ, మీ ఇల్లు ఎన్నో అంతస్తు?"

"కిందేనమ్మా."

"అయితే దీన్ని మీ ఇంటికి తీసుకుపో. ఇంకోసారి ఇంకోసారి అని అడిగే మనిషి దగ్గర ఉండడమే దానికి మంచిది."

మేస్త్రి చేతులు జోడించాడు. ఆ సాయంత్రం అతని ఇంట్లో మంచం బయటికి పోయి, దాని చోట పియానో వచ్చింది. మొగుడూ పెళ్ళాం నేల మీద పడుకోవడం మొదలుపెట్టారు. గుడ్డలు పైనుంచి గబగబా లాగేశాడు. లెక్కపెట్టలేదు. తన ఇల్లే కదా, గుడ్డ ఎక్కడికి పోతుంది అనుకున్నాడు. పద్దెనిమిదేళ్ళలో అతను గుడ్డలు లెక్కపెట్టని ఇల్లు అదొక్కటే.

పిట్ట స్టూలు మీదికెక్కి ఒక్కో మీటా నొక్కుకుంటూ వచ్చింది. నడిమధ్యకి వచ్చేసరికి వరసగా ఏడు మీటలు పలకలేదు. టప్, టప్ అనడం తప్ప స్వరం లేదు. మేస్త్రికి తలకొట్టేసినట్టయింది. మెట్ల దగ్గర తగిలిన దెబ్బకే ఇవి పోయాయనుకున్నాడు. టార్చి వేసి పైనుంచి లోపలికి చూశాడు. సుత్తులు, కర్రలు, ఎక్కడ చూసినా బూడిదరంగు మెత్తలు. ఏది ఉండాల్సిందో ఏది ఉండకూడనిదో ఎవరికి తెలుసు? ఒకసారి పాడుచేసింది చాలు, ఇంక చెయ్యి పెట్టకూడదని మూత వేసేశాడు. అంత విలువైన వస్తువు ఉత్తినే ఇచ్చిన మనిషికి దాన్ని విరగ్గొట్టానని ఏ మొహంతో చెబుతాడు? అప్పట్నుంచి టీచరమ్మ ఉండే వీధి వైపు పని వస్తే లారీని చుట్టు దారిన తిప్పించేవాడు. మర్నాడు పనిలో గుడ్డలు ముప్పై తొమ్మిదే తేలాయి. లారీ డ్రైవరు అద్దం తుడుచుకోవడానికి వాడేశాడని కేకలేశాడు. డ్రైవరు నెత్తీ నోరూ బాదుకున్నా వినలేదు.

పిట్టకి ఈ బాధలేవీ పట్టలేదు. మూడు రోజుల్లో ఒంటి వేలుతో టీచరమ్మ పాట పట్టేసింది. నెల తిరిగేసరికి రెండు చేతులూ నడిచాయి. రేడియోలో వచ్చినవి, పక్కింటి ఫోను మోగేది, బడి గంట, అన్నీ వాయించేది. సంగీతమంటే చెవి కోసుకునేది. తల్లి మిషను టకటకలాడుతుంటే అదే వేగానికి వాయించి ఆవిణ్ణి ఉడికించేది. ఆవిడ విసుక్కుంటూనే మిషను ఆపి వినేది. పలకని ఏడు మీటల దగ్గర మాత్రం పిట్ట మీట నొక్కుతూనే ఆ స్వరం నోటితో పాడేది. పాటలో ఎక్కడా గండి పడేది కాదు. తలుపు బయట నుంచి వింటే రెండు పిట్టలు వాయిస్తున్నట్టుండేది. ఆ పాడడం చెవిన పడినప్పుడల్లా మేస్త్రికి ప్రాణం చివుక్కుమనేది. తను విరగ్గొట్టినదాన్ని పిల్ల అతికించుకుంటోందని అతనికి అనిపించేది.

రెండున్నరేళ్ళు అలా గడిచాయి. ఊళ్ళో సంగీత పాఠశాల ఒకటుంది. ఎనిమిదేళ్ళు నిండని పిల్లల్లోంచి ఏడాదికి ఇద్దర్నే పియానోకి తీసుకుంటారు. పిట్టకి ఎనిమిది నిండడానికి నాలుగు నెలలే ఉంది. అంటే ఈ ఏడు తప్పితే మరి లేదు. తల్లి దరఖాస్తు నింపి, కొత్త గౌను కుట్టింది. మేస్త్రి ఆ రోజు పని మానేసి కూతుర్ని తీసుకెళ్ళాడు.

హాల్లో నల్లగా నిగనిగలాడే పెద్ద పియానో. పక్కన కుర్చీలో పాఠశాల పెద్ద మేడం. తల్లిదండ్రులు గోడవార బెంచీ మీద. పిట్టకి ముందు వాయించిన పిల్లలందరికీ ఇంట్లో నేర్పే గురువులున్నారని మేస్త్రి వాళ్ళ అమ్మానాన్నల మాటల్ని బట్టి గ్రహించాడు.

పిట్ట టీచరమ్మ పాటే మొదలుపెట్టింది. నీళ్ళలా సాగింది. చెయ్యి మధ్యకి జరిగింది. అలవాటుగా మీట నొక్కింది, అలవాటుగా గొంతెత్తింది. ఈసారి మీట కూడా పలికింది. పిట్ట ఉలిక్కిపడి, కాలిన పెనం మీద వేలు పెట్టినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. పాట ఆగిపోయింది. బెంచీ మీద ఎవరో చిన్నగా నవ్వారు. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది అనుకున్నాడు. మెట్ల మలుపులో పియానోకి తగిలిన దెబ్బ ఇన్నాళ్ళకి కూతురికి తగిలింది.

"ఏమైందమ్మా?" అంది మేడం.

"ఇది పలుకుతోంది."

"పలకాలి కదా?"

"మా ఇంట్లో పలకదు. ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా పలకవు. అక్కడ నేనే పాడతాను."

మేడం కుర్చీ ముందుకి లాక్కుంది. పిట్టని గోడ వైపు తిరిగి నిలబడమంది. మీట నొక్కకుండా, ఆ ఏడింటినీ ఒక్కొక్కటిగా పాడమంది. పిట్ట పాడింది. ఒక్కో స్వరం పాడగానే మేడం ఆ మీట నొక్కి చూసింది. ఏడుకి ఏడూ కలిశాయి. బెంచీ మీద నవ్వినవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు.

"మీ ఇంట్లో అవి ఒక్కసారీ పలకలేదన్నావు. మరి ఎలా ఉంటాయో నీకెలా తెలిసింది?"

అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూసింది పిట్ట. "అటు పక్కా ఇటు పక్కా వాటి చుట్టాలున్నాయి కదా. కిందవి లావుగా పాడతాయి, పైవి సన్నగా పాడతాయి. మధ్యవి మధ్యగా పాడతాయి."

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మొత్తం పాట మళ్ళీ వాయించమంది. అదయ్యాక మేస్త్రి దగ్గరికి వచ్చి, ఇంట్లో ఆ మీటలు అసలు కదలవా, కదిలి టప్‌మంటాయా అని అడిగింది. టప్‌మంటాయన్నాడు అతను, నేరం ఒప్పుకున్నట్టు.

"అయితే ఏదీ విరగలేదండీ. సుత్తి కొడుతోంది గానీ తీగ మోగడం లేదు. మధ్యలో ఏదో అడ్డం పడి ఉంటుంది. పియానో ముందువైపు పలక ఊడదీసి చూడండి. వచ్చే సోమవారం నుంచి అమ్మాయిని పంపండి."

మేస్త్రి చేతులు జోడించాడు.

ఇంటికెళ్ళి, చొక్కా కూడా మార్చుకోకుండా పియానో ముందువైపు పలక ఊడదీశాడు. సుత్తుల మధ్యకి జారిపోయి, దుమ్ము పట్టి, లోపలి మెత్తల్లో మెత్తలా కలిసిపోయి ఉంది బూడిదరంగు గుడ్డ ఒకటి. లాగాడు. తన బనియనే. అంచుకి భార్య కుట్టు. ఏడు మీటల తీగలూ గొల్లుమన్నాయి. అతను ఆ గుడ్డ పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు. భార్య మాత్రం ఒకటే చేసింది. "అందరిళ్ళల్లో లెక్కపెడతారు, మనింట్లో తప్ప" అని పడీ పడీ నవ్వింది. పిట్టకి చెప్పాల్సింది అతను చెప్పాడు. ఇది నా పనేనమ్మా, రెండున్నరేళ్ళు నీ పాట నోట్లో నేనే గుడ్డ కుక్కాను అన్నాడు. పిట్ట ఏడు మీటలూ ఒకసారి నొక్కి చూసుకుంది. "నేను పాడినట్టే పలుకుతున్నాయి నాన్నా" అంది. అంతకుమించి ఆ పిల్లకి ఏ ఫిర్యాదూ లేదు.

మర్నాడు అందరి ముందూ డ్రైవరుకి క్షమాపణ చెప్పుకున్నాడు. డ్రైవరు మహరాజులా తలూపి, లారీ అద్దం తుడవడానికి ఆ గుడ్డే కావాలని పట్టుబట్టి తీసుకున్నాడు.

మిగిలింది టీచరమ్మ. ఆదివారం కూతుర్ని వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాడు. మెట్ల మూడో మలుపు దగ్గర పెచ్చూడిన గోడ అలాగే ఉంది. పైన టీచరమ్మకి మొదట్నుంచీ చివరిదాకా, చుట్టు దారిన లారీ తిప్పిన సంగతి కూడా దాచకుండా చెప్పేశాడు. ఆవిడ చివాట్లు పెట్టింది. గుడ్డ మరిచిపోయినందుకు కాదు, రెండున్నరేళ్ళు మొహం చాటేసినందుకు. పిల్ల వాయించడం వినే భాగ్యం తనకి లేకుండా చేశాడంది. ఇకనుంచి ప్రతి ఆదివారం ఆవిణ్ణి లారీలో ఎక్కించుకుని తమ ఇంటికి తీసుకెళ్తానని మాటిచ్చాడు మేస్త్రి.

పిట్ట వచ్చే ఆదివారం దాకా ఆగే రకం కాదు. గదంతా కలియజూసింది. అక్కడ పియానో లేదు, భోజనాల బల్ల ఉంది. కుర్చీ ఎక్కి, బల్ల మీద పళ్ళెం పక్కకి జరిపి, పది వేళ్ళూ పరిచింది. టీచరమ్మ పాట మొదలుపెట్టింది. బల్లలో ఏ మీటా లేదు కాబట్టి స్వరాలన్నీ తనే పాడింది. టీచరమ్మ కళ్ళు ఆ చిన్న వేళ్ళ మీదే ఉన్నాయి. ఒకచోట ఆపి, అక్కడ నాలుగో వేలు పెట్టాలని దిద్దింది. పిట్ట దిద్దుకుని పాడింది.

మేస్త్రి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. నలుగురు మగాళ్ళు మోయలేకపోయిన బరువుని పిల్ల ఒంటరిగా నాలుగో అంతస్తుకి ఎక్కించేసింది. ఆ పిల్లనిచ్చినందుకు, పియానో ఇచ్చినందుకు, ఆ మెట్లు ఇరుకుగా కట్టినందుకు కూడా అతను ఎవరెవరికో మనసులో దండాలు పెట్టుకున్నాడు.

పాట అయిపోయింది. టీచరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఇంకోసారి" అంది.