చెవులు సరిగ్గానే ఉన్నాయి

ఆవిడను అందరూ హలోగారు అనేవారు. ఒక పెద్ద ఆఫీసులో పంతొమ్మిదేళ్ళు టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుని, ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ముందు తానే హలో అనడం వల్ల వచ్చిన పేరది. చివరికి ఆఫీసువాళ్ళు ఆ బోర్డు పీకేసి, దానంతటదే మాట్లాడే యంత్రం ఒకటి పెట్టారు. హలోగారికి ఒక గోడగడియారం ఇచ్చి పంపేశారు. అప్పటికి ఆవిడకు నలభై రెండేళ్ళు. ఆ గడియారాన్ని ఎక్కడ తగిలించాలన్నది ఇంట్లో తేలకముందే వెళ్ళి జుట్టు కత్తిరించడం నేర్పే చోట చేరిపోయింది.

"ఈ వయసులో ఇదేం బుద్ధే నీకు?" అంది అక్క, ఫోన్‌లో.

"ఇన్నేళ్ళూ గొంతులే విన్నానక్కా. ఇక తలలైనా చూద్దామని."

కింద సెలూన్, పైన శిక్షణ. పైన గది పొడవునా ఒకటే అద్దం, దాని ముందు వరసగా స్టాండ్ల మీద రబ్బరు తలలు. నేర్పే మేడమే సెలూన్ యజమాని. హలోగారి కన్నా పదేళ్ళు చిన్న. తోటి విద్యార్థినులు ఇరవై దాటని పిల్లలు, ఆంటీ అని పిలిచేవారు. మొదట్లో ఆంటీ చేతులు వణుకుతాయేమోనని జాలిపడ్డారు. వారం తిరిగేసరికి ఆ జాలి వాళ్ళ మీదే వాళ్ళు పడాల్సి వచ్చింది. తడిపిన జుట్టును దువ్వెన కొసతో పాయలు తీయడం, క్లిప్పు పెట్టడం, రెండు వేళ్ళ మధ్య బిగించి కొస కత్తిరించడం, అన్నీ ఆవిడకు చకచకా పట్టుబడ్డాయి. ఆరు నెలలు పూర్తయ్యాక బతికున్న తల మీద ఒక పరీక్ష. అందులో నెగ్గితే కింద కిటికీ పక్కన ఖాళీగా ఉన్న మూడో కుర్చీ ఇస్తానని మేడమ్ చెప్పింది. ఆ రోజు నుంచి హలోగారు మెట్లెక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ కుర్చీని తన వస్తువులా చూసుకునేది.

ఇక అభ్యాసానికి ఇల్లు ఉండనే ఉంది. మొదట భర్త దొరికాడు. కత్తిరింపు అయ్యాక ఆయన అద్దంలో అటూ ఇటూ చూసుకుని, "ఏమోయ్, కుడివైపు కాస్త పొట్టిగా లేదూ?" అన్నాడు.

హలోగారు వెనక్కి జరిగి పరిశీలించింది. ఆవిడ కంటికి రెండువైపులా గీత గీసినట్టు సమానంగా ఉంది.

"జుట్టు సరిగ్గానే ఉందండీ. మీ కుడి చెవే కాస్త కిందికి ఉంది."

"నలభై ఏడేళ్ళుగా ఎవరూ చెప్పలేదే?"

"ఎవరూ ఇంత దగ్గరగా చూసి ఉండరు."

భర్త అనుమానాల మనిషి కాదు, నమ్మేశాడు. నమ్మి ఊరుకున్నా బాగుండేది. మర్నాడే కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళి, కుడి కాడను కింది చెవికి తగినట్టు వంపించుకుని వచ్చాడు. ఇన్నాళ్ళూ తలనొప్పి ఎందుకొస్తోందో ఇప్పుడర్థమైందని ఆఫీసులో నలుగురికీ చెప్పాడు కూడా.

తర్వాత కూతురి వంతు. ఆ పిల్లకూ కుడివైపు వేలెడు పొట్టి అయింది.

"నీకు నాన్న చెవులే వచ్చాయే," అంది హలోగారు.

"మరి నెల కిందట రాలేదే అమ్మా," అని కూతురు టోపీ పెట్టుకుని కాలేజీకి పోయింది.

మూడోసారి పక్కింటి టీచరమ్మ కూర్చుంది. ఆవిడకూ కుడి చెవి కిందికే ఉందని తేలింది. ఇదంతా గుమ్మం దగ్గర కూర్చుని చూస్తున్న అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మావాళ్ళకైతే వంశంలో ఏదో లోపం ఉందనుకున్నా అమ్మాయ్. ఆ టీచరమ్మ మాకేం చుట్టం కాదుగా?"

హలోగారు కింద పడ్డ జుట్టు ఊడ్చేసింది. ఆ రాత్రి అన్నం దగ్గర అందరి చెవులనూ ఒకసారి చూసింది.

పరీక్ష ఇంకా మూడు వారాలుందనగా శిక్షణ గదిలో అసలు సంగతి బయటపడింది. రబ్బరు తలల మీద పూర్తి కత్తిరింపు ఆ వారమే మొదలైంది. మేడమ్ ఒక్కో తల దగ్గరా ఆగుతూ హలోగారి దగ్గరకొచ్చి నిలబడిపోయింది.

"కుడివైపు ఎందుకు పైకి పోయిందండీ?"

"ఈ తలకు కుడి చెవి కాస్త కిందికుంది మేడమ్," అంది హలోగారు, అలవాటుగా.

పిల్లలంతా కత్తెరలు ఆపేశారు.

"ఇవి ఫ్యాక్టరీలో ఒకే అచ్చులో పోసిన తలలండీ," అంది మేడమ్ నెమ్మదిగా. "కత్తెర పట్టుకుని మామూలుగా నిలబడండి. ఇప్పుడు కదలకుండా అద్దంలో చూడండి. బొమ్మను కాదు, మిమ్మల్ని."

అద్దంలో రెండు తలలున్నాయి. రబ్బరు తల నిటారుగా ఉంది. దాని వెనక హలోగారి తల ఎడమ భుజం మీదికి, ఏదో రహస్యం వింటున్నట్టు వాలి ఉంది.

"ఇంతకుముందు ఏం చేసేవారు?"

"టెలిఫోన్ ఆపరేటర్‌ని. ఫోన్ ఎడమ భుజానికి నొక్కిపెట్టి, కుడిచేత్తో రాసుకునేదాన్ని."

"పెట్టేశారు కదా ఆ ఫోను," అంది మేడమ్. పిల్లలు నవ్వారు. హలోగారూ నవ్వింది, కాని చెవులు ఎర్రబడ్డాయి. రెండూ సమానంగానే.

ఆ తర్వాత మూడు వారాలూ ఆవిడ పడ్డ పాట్లు కత్తెరతో కాదు, మెడతో. తల నిలబెడితే లోకమంతా కుడివైపు ఒరిగినట్టు ఉండేది. సరిగ్గా కత్తిరించిందల్లా వంకరగా కనిపించేది, వంకరగా కత్తిరించింది ముచ్చటగా ఉండేది. మేడమ్ మొదట్లో చెప్పిన సూత్రమే మళ్ళీ చెప్పింది: కంటిని నమ్మొద్దు, చెరో వైపు నుంచి ఒక్కో పాయ లాగి గడ్డం కింద కలిపి చూడండి, వేళ్ళు అబద్ధం చెప్పవు. ఇన్నాళ్ళూ ఆ పని తన కంటికి అవమానమనుకుని మానేసింది హలోగారు. ఇప్పుడు ప్రతి తలకూ చేసింది.

ఇక మిగిలింది పరీక్షకు తల. కూతురు టోపీ తీయనంది. టీచరమ్మ ఈమధ్య వేరే సందులోంచి పోతోంది. భర్త సిద్ధమే గాని, మేడమ్ పొడుగు జుట్టు కావాలంది. చివరికి అత్తగారు చదువుతున్న పేపరు మడిచింది.

"నేనొస్తాలే. ఈ జుట్టు ఆరబెట్టుకోలేక చస్తున్నా. మెడదాకా తీసెయ్. చెవులు మాత్రం వదిలెయ్ తల్లీ."

పరీక్ష రోజు అత్తగారు కుర్చీలో, గుడ్డ కప్పుకుని కూర్చుంది. మేడమ్ గోడకానుకుని చేతులు కట్టుకుంది. హలోగారు మెడ నిలబెట్టి, నడుముదాకా ఉన్న జుట్టును ముందు ఒక్క కోతలో తగ్గించి, తర్వాత పాయలు పాయలుగా మొదలుపెట్టింది. వెనక భాగం అయింది. పక్కలు అయ్యాయి. చెరో పాయ లాగి గడ్డం కింద కలిపింది. ఎడమది వేలెడు పొట్టిగా ఉంది.

ఎప్పుడూ కుడివైపే కదా. మళ్ళీ కలిపింది, మళ్ళీ అంతే. మూడోసారి అద్దంలోకి చూసింది. తన తల నిటారుగానే ఉంది. అత్తగారి తల ఎడమ భుజం మీదికి, చక్కగా, పట్టుదలగా వాలి ఉంది.

"అత్తయ్యా, తల ఎందుకు వంచారు?"

"మాట్లాడకు," అంది అత్తగారు పెదవులు కదపకుండా. "నీ వంపుకి సరిపోవాలని మొదట్నుంచీ వంచే ఉంచా. మెడ పట్టేసింది, తొందరగా కానీ."

గోడ దగ్గర మేడమ్ దగ్గింది. కింద సెలూన్‌లో కిటికీ పక్కనున్న కుర్చీ హలోగారి కళ్ళముందు మెదిలింది. చూడనట్టు కానిచ్చేస్తే, తల ఇలాగే వాలి ఉన్నంతసేపూ జుట్టు సమానంగానే కనిపిస్తుంది. మేడమ్ పాయలు కలిపి చూస్తుందో లేదో.

"అత్తయ్యా, వంకర మీది కాదు, నాదే," అంది అందరికీ వినిపించేలా. "మీరు తిన్నగా కూర్చోండి. ఎడమవైపు పొట్టిగా తెగింది. కుడివైపు కూడా అంత తగ్గించాలి. అనుకున్నదానికన్నా ఇంకో వేలెడు పోతుంది."

"పోనీ. ఆరబెట్టే పని ఇంకాస్త తగ్గుతుంది."

కుడివైపు కత్తిరిస్తుంటే ఆవిడ కంటికి అది పూర్తిగా తప్పుగా కనిపించింది. అయినా వేళ్ళు చెప్పినట్టే చేసింది. మేడమ్ వచ్చి రెండు పాయలు లాగి గడ్డం కింద కలిపింది. కలిశాయి.

"సోమవారం కిందికి రండి," అంది మేడమ్. "మెడ కూడా తెచ్చుకోండి."

ఇంటికొచ్చి హలోగారు ముందు భర్త ఎదురుగా కూర్చుంది. కుర్చీ దొరికిన సంగతి చెప్పింది. తర్వాత గొంతు సవరించుకుని, "ఏవండీ, ఇంకోటి. మీ చెవులు సరిగ్గానే ఉన్నాయి. నేనే పొరపాటు పడ్డాను," అంది.

భర్త వంచిన కళ్ళజోడును ముక్కు మీద సర్దుకున్నాడు. అది సమంగా నిలబడడానికి ఆయన కొన్నాళ్ళుగా తల కాస్త పక్కకు వంచుతున్నాడు.

"కాదోయ్, నువ్వు మొదట చూసిందే నిజం. అప్పట్నుంచీ నాకు తలనొప్పి లేదు."

ఆవిడ ఎంత చెప్పినా ఆయన వినలేదు. సోమవారం నుంచి హలోగారు కిటికీ పక్కన ఊళ్ళోవాళ్ళ తలలన్నీ తిన్నగా కత్తిరిస్తోంది. భర్త నెలకోసారి వచ్చి అదే కుర్చీలో కూర్చుంటాడు. "కుడి చెవి సంగతి తెలుసుగా," అని గుర్తుచేస్తాడు. తెలుసండీ అంటూ ఆవిడ రెండు వైపులా సమానంగా కత్తిరించి పంపిస్తుంది.