పెద్దమ్మ వద్దన్న మూకుడు

వంటసామాను కొట్లోకి పెద్దమ్మ అడుగు పెడితే కొట్టాయన బల్ల ఖాళీ చేస్తాడు. ఇంటిల్లిపాదిలో ఎవరు కొత్తగా కాపురం పెట్టినా గిన్నె, గరిటె ఎంచవలసింది ఆవిడే. మెరుపు చూసి మోసపోయే మనిషి కాదు. కత్తి రేకు పిడి చివరిదాకా సాగిందో లేదో చూస్తుంది, అంచుకు అడ్డంగా బొటనవేలు ఆనిస్తుంది. "పిడి ఊడే కత్తీ, మాట తప్పే మనిషీ ఒకటే," అంటుంది. ఈసారి వంతు చెల్లెలి కూతురిది. కత్తి కుదిరాక పెద్దమ్మ ఇనుప మూకుణ్ణి బల్ల మీద పెట్టి, అడుగు ఊగడం లేదని చూసుకుని, వేలి కణుపుతో మోగించింది. కాడ పట్టి ఎత్తబోతే మణికట్టు వణికి, మూకుడు ఠంగుమని బల్ల మీద పడింది.

"ఇది బాగాలేదు. వేరేది చూపించు."

"అదేంటమ్మా! పోయినసారి మీరు మెచ్చి పట్టుకెళ్లింది ఇలాంటిదేగా?" అన్నాడు కొట్టాయన.

చెల్లెలి కూతురు ఏమీ విననట్టు గరిటెలు తిరగేస్తోంది. పెద్దమ్మ మణికట్టు రుద్దుకుంటూ మూకుడి వంక కాసేపు చూసింది.

"దీనికేం, నిక్షేపంలా ఉంది. చెడింది నా చెయ్యి," అంది. "ఏదీ, నువ్వెత్తవే."

పిల్ల ఒంటిచేత్తో ఎత్తింది. ఆ మణికట్టు ఎక్కడైనా వణుకుతుందేమోనని పెద్దమ్మ రెప్ప వెయ్యకుండా చూసి, "కట్టవయ్యా," అంది.