బొమ్మల ఇంటికి తొమ్మిది గడపలు

నాది ముక్కుమీద కోపం అంటుంది మా ఆవిడ. నిజం కాదు. నా కోపం కుడిచేతిలో ఉంటుంది, ముక్కుదాకా రాకముందే పని ముగించేస్తుంది. సౌదీలో, ఖోబర్‌లో అల్ అజీజియా వైపు ఒక వడ్రంగి షాపులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఈ పదకొండేళ్ళలో నేను విరగ్గొట్టినవాటిలో ఒకటి మాత్రం మళ్ళీ అతకలేదు. చెప్పాలనుకుంటున్నది దాని గురించే.

మాకు వీసా ఇచ్చిన యజమాని, అదే మా కఫీల్, ఆయన బంధువులావిడ తన కూతురికి బొమ్మల ఇల్లు కావాలని రెండు ఫోటోలు పంపింది. ఒకటి అమెరికా రైతుల ఇల్లు: నిలువు పలకల గోడలు, రేకుల కప్పు, ముందు వెడల్పాటి వరండా, ఎక్కడా ఒక పువ్వు కూడా లేదు. రెండోది విక్టోరియా రాణి కాలం నాటి ఇల్లు: మూలన బురుజు, నిటారు కప్పు, చూరు నిండా లేసు అల్లినట్టు కొయ్య నగిషీ. రెండూ కలిపి ఒకే ఇల్లు చెయ్యాలట. బర్రెకు పట్టుచీర కట్టమన్నట్టుందని నేను నవ్వాను.

ఎదురు బల్ల మీద ఏడేళ్ళుగా పనిచేస్తున్న కడప భాయి మాత్రం నవ్వలేదు. ఫోటోలు పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"కింద నీది ప్పా, పైన నాది. అంతటికీ తెల్లరంగు ఒకటే ఏస్తే రెండూ కలిసిపోతాయి" అన్నాడు.

మంచి మాటే. కింది అంతస్తు రైతు ఇల్లు, నా పని. చూరు నుంచి పైదంతా విక్టోరియా, అతని పని. రెండూ కలిసే చోటు వరండా స్తంభాలు. గొడవ అక్కడే వచ్చింది. స్తంభం తలకు పెట్టే ఒక్క నగిషీ ముక్కకు రోజంతా తీసుకున్నాడు. పైగా నన్ను చూసి, "నీ స్తంభాలు దున్నపోతు కాళ్ళ మాదిరి ఉండాయి, రవ్వంత సన్నం చెయ్యల్ల" అన్నాడు. నేను ఆ నగిషీ ముక్క తీసుకుని మోకాలి మీద పెట్టి పటుక్కున విరిచాను. అతను నా వరండా రేకుల కప్పు ఎత్తి రోడ్డు మీదికి విసిరేశాడు. దాని మీదినుంచి ఒక పికప్పు పోయింది. కాలర్లు పట్టుకున్నాం. రంగులేసే బంగ్లాదేశీ ఆయన మధ్యలో దూరి, ఇద్దరి గుద్దులూ తాను తిని విడదీశాడు.

ఆ తర్వాత మాటల్లేవు. ఇల్లు పెట్టే చోటు కొలవడానికి ఆవిడ రమ్మంటే, బొమ్మల ఇంటికి కొలతలేమిటని నేను కదల్లేదు. భాయి ఒక్కడే వెళ్ళొచ్చాడు. ఇల్లు నిలబెట్టే బల్ల ఎత్తు తగ్గించాలి, దాని కింద మోకాళ్ళకు చోటు వదలాలి అని ఒక పలక మీద పెన్సిల్‌తో రాసి నా ముందు పడేశాడు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే ముందు నోరు విప్పింది నేనవుతాను కదా.

శుక్రవారం అతను జుమ్మా నమాజుకు వెళ్ళినప్పుడు నేను గడపలు పెట్టాను. ఫోటోల్లో గడపల్లేవు. కానీ మా నాయిన చేతికింద పని నేర్చుకున్నవాడు గడప లేకుండా దర్వాజ నిలబెట్టడు. "గడప లేంది ఇల్లు గాదురా, డబ్బ" అనేవాడు నాయిన. పన్నెండేళ్ళప్పుడు నేనొక గడప బొటనవేలంత వంకరగా పెడితే, కొయ్యసుత్తి పిడితో నా వీపు మీద కొట్టాడు. ఆ దెబ్బలకు పిడి విరిగింది. మర్నాడు కొత్త పిడి నాతోనే చెక్కించాడు. అందుకే బొమ్మల ఇంట్లో తొమ్మిది దర్వాజలకూ టేకు ముక్కలు కోసి, జిగురు పెట్టి, సన్న మేకులు కొట్టి తొమ్మిది గడపలు బిగించాను. చూసుకుని మురిసిపోయాను.

భాయి తలమీద టోపీ తియ్యకుండానే వచ్చాడు. చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, కుడిచేయి వరండా నేలకు ఆనించి, ఎడమచేత్తో ఉలి తీసుకుని పెద్ద దర్వాజ గడప పెకలించబోయాడు.

"ఇయ్యి ఉండగూడదు ప్పా. ఇనుకో, ఆ పాప..."

ఆ పాప ఏమిటో నేను వినలేదు. కొయ్యసుత్తి నా చేతిలోనే ఉంది. కొట్టాను. గురి తప్పి తగిలిందని తర్వాత నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను గానీ, అతని కుడిచేతి వేళ్ళు చూసే కొట్టాను. రెండుసార్లు. పచ్చి కొమ్మ విరిగిన చప్పుడైంది. నా తెల్లటి పలకల మీద నెత్తురు చిమ్మింది.

అతను రంపపు పొట్టులో కూలబడి, చేయి తొడల మధ్య నొక్కిపెట్టుకుని, ఆగిపోయిన మాట పూర్తిచేశాడు.

"ఆ పాపకు కాళ్ళు రావు ప్పా. చక్రాల కుర్చీలో ఉంటాది. దాని బొమ్మకు గూడా చిన్న కుర్చీ ఉండాది. ఇన్ని గడపలు ఎట్ల దాటుతాది?"

ఆసుపత్రిలో డాక్టరు ఉర్దూలో అడిగాడు, ఎలా జరిగిందని. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. భాయి ఒక్క మాటంటే పోలీసులు, జైలు, ఆపైన పాస్‌పోర్టు మీద ఖురూజ్ ముద్ర కొట్టి ఇంటికి పంపడం, మళ్ళీ ఈ దేశం గుమ్మం తొక్కేది లేదు. సిగ్గుగా ఉంది చెప్పడానికి, అప్పుడు నేను భయపడింది అతని వేళ్ళ గురించి కాదు, ఇక్కడ ఉండనిచ్చే నా ఇకామా కార్డు గురించి. పైనుంచి దుంగ జారి పడిందన్నాడు భాయి. డాక్టరు చేతి మీది రెండు దెబ్బలూ చూశాడు, నన్ను చూశాడు, ఏదో రాసుకున్నాడు.

బయటికొచ్చాక అడిగాను. "ఎందుకట్ల చెప్పినవ్ భాయ్?"

"నువ్వు పోతే ఆ ఇల్లు ఎవుడు పూర్తి చేస్తాడు? మాట్లాడాకు, నడువు."

వారం గడువు అడిగాం. అతని సన్న రంపంతో మిగిలిన నగిషీ నేనే కోశాను. ఆరు ముక్కలు విరగ్గొట్టాను. కట్టు కట్టిన చేయి ఒళ్ళో పెట్టుకుని భాయి పక్కనే కూర్చుని, "మెల్లగ. అది కట్టె ప్పా, శత్రువు గాదు" అంటూ ఉండేవాడు. గడపలు ఎనిమిది తీసేశాను. పెద్ద దర్వాజది తియ్యడానికి మాత్రం ప్రాణం ఒప్పలేదు. అగ్గిపుల్లంత సన్నగా చిత్రిక పట్టి, పైన రంగు వేసి, భాయికి చెప్పకుండా వదిలేశాను.

ఇల్లు తీసుకెళ్ళి పెట్టాం. పాపకు ఎనిమిదేళ్ళుంటాయి. మోకాళ్ళు బల్లకింద చక్కగా పట్టాయి. బొమ్మను చిన్న కుర్చీలో కూర్చోబెట్టి వరండా మీద నడిపించింది. పెద్ద దర్వాజ దగ్గర చక్రం ఆగింది. పాప గట్టిగా నెట్టింది. బొమ్మ బోర్లా పడింది. పాప ఏడవలేదు, మా ఇద్దరినీ చూసింది. భాయి నన్ను చూశాడు.

ఉలి, సుత్తి తీశాను. ఒక్క దెబ్బ పని. దర్వాజ కదలకుండా భాయి ఎడమచేత్తో పట్టుకున్నాడు. నేను సుత్తి ఎత్తాను.

అతని చేయి చటుక్కున వెనక్కి పోయింది.

మొహంలో కోపమేమీ లేదు. తన చేతిని తానే వింతగా చూసుకున్నాడు. మెల్లగా తెచ్చి మళ్ళీ దర్వాజ మీద పెట్టాడు. "కొట్టు ప్పా" అన్నాడు.

కొట్టలేకపోయాను. సుత్తి కింద పెట్టి, అరచేత్తో ఉలిని నెడుతూ, పొట్టు పొట్టుగా ఆ గడపను కోసేశాను. కుర్చీ లోపలికి పోయింది. పాప నవ్వింది.

వేళ్ళు అతుక్కున్నాయి. నగిషీ చెయ్యలేడు గానీ మిగతా పనంతా చేస్తాడు. ఇప్పటికీ నాకు ఎదురు బల్లే. నవ్వుతాడు, నా డబ్బాలోంచి పచ్చడి లాక్కుంటాడు. నేను సుత్తి అందుకోగానే అతని చేయి బల్లకిందికి పోతుంది. ఆ సంగతి అతనికి తెలియదు. నేను చెప్పలేదు.